పీరు సెలవిచ్చిన పిల్ల

మల్దకల్‌లో ఎవరింట్లో పాలు పొంగినా ఆ ఇంటి గుట్టు ఆ ఇంట్లోనే ఉంటుంది. రేణుకమ్మ ఇంట్లో పొంగితే మాత్రం ఊరంతా తెలుస్తుంది. ఆమె గొంతు అలాంటిది. ఆ ఏడు చలికాలమంతా ఆ గొంతు ఒకే పేరు పట్టుకొని అరిచింది. "జములమ్మా! ఓ జములమ్మా! నీ ధ్యాస మన్నుగాను, యాడున్నవే?"

జములమ్మ ఆమె మనుమరాలు, ఎనిమిదేళ్ల పిల్ల. నీళ్లకు పంపితే బిందె బావి గట్టు మీదే మరిచిపోయి ఉత్త చేతులతో వచ్చేది. పొయ్యి మీది జొన్న గట్క కలపమంటే తెడ్డు చేత పట్టుకొని వాకిట్లోకి వచ్చి నిలబడేది, లోపల గట్క అడుగంటి కమురు వాసన కొట్టేది. దూడను కట్టేయమంటే గుంజ దాకా పోయేది, తాడు కూడా చేతిలోకి తీసుకునేది, ఆ తర్వాత బాట వైపు చూస్తూ అలాగే ఉండిపోయేది. దూడ మాత్రం తన పని ఎన్నడూ మరిచిపోలేదు. తల్లి పొదుగు ఖాళీ చేసి, నురగ అంటిన మూతితో దర్జాగా వచ్చి పిల్ల పక్కనే నిలబడేది.

పిల్ల తండ్రి కురుమూర్తి రేణుకమ్మకు ఒక్కడే కొడుకు. రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. తుంగభద్ర మీద డ్యాం కడుతున్నారని, మన్ను మోసేవాళ్లు ఎందరైనా కావాలని ఒక మేస్త్రీ వచ్చి చెబితే, కురుమూర్తి, అతని భార్య సత్తెమ్మ గుంపులో కలిసి పోయారు. చంటి కొడుకు పాలు తాగేవాడు కాబట్టి వాణ్ని చంకన వేసుకొని పోయింది సత్తెమ్మ. జములమ్మను జేజి రేణుకమ్మ దగ్గర వదిలింది. పీర్ల పండుగకు వచ్చేస్తామని బిడ్డ తల నిమిరి చెప్పింది. పీర్ల పండుగ వచ్చింది, పోయింది.

ఇదంతా ఊరికి తెలుసు. అయినా పిల్లకు ధ్యాస ఎందుకు నిలవడం లేదో ఊరికి అంతు చిక్కలేదు. గాలి సోకిందన్నారు, దిష్టి తీయించారు. ఏదో ఆకు పసరు మూడు పూటలా పోయించారు. చివరకు ఎవరికో గుర్తొచ్చింది. పీర్ల ముందు నిప్పుల గుండం చుట్టూ ఊరంతా ఎగురుతున్నప్పుడు, ఈ పిల్ల ఎటో చూస్తూ గుండం బూడిదలో అడుగు పెట్టింది కదా! ఇంకేముంది, పీరు పట్టుకున్నాడు. ఎటు చూస్తూ అడుగు పెట్టిందని ఎవరూ అడగలేదు. అమ్మానాన్నలు వస్తారన్న అయిజ బాట వైపు చూస్తూ పెట్టింది. ఆ సంగతి అడిగి ఉంటే ఈ కథే లేదు.

పీరు పట్టుకున్నదాన్ని పీర్ల ఇంటివాళ్లే విడిపించాలి. పీర్ల ఇల్లంటే ఊరి చివర, అయిజ బాట పక్కన, షరీఫాబీ ఇల్లు. ఆమె భర్త మౌలాలి దూదేకులాయన. పండుగ రోజుల్లో పీర్లను ఎత్తుకునేవాడు, తక్కిన రోజుల్లో ఇంటింటికీ పోయి దూది ఏకేవాడు, బేస్తవారం నాడు పిల్లల మీద దువా చదివి ఊదేవాడు. ఆయన పోయి నాలుగైదేళ్లు. ఇప్పుడు పండుగకు మరిది కొడుకు వచ్చి పీర్లను ఎత్తి పోతున్నాడు. పీర్ల పెట్టె మాత్రం షరీఫాబీ దగ్గరే ఉంది. పిల్లలు లేరు. పత్తిలో చెత్త ఏరి, బొంతలు కుట్టి బతుకుతోంది.

ఊరికి ఆమె అంటే మహా గౌరవం. ఆ గౌరవమే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. పీర్లున్న ఇంట్లో ఊరికే కూర్చొని ముచ్చట్లు పెట్టకూడదట. జబ్బు చేస్తే రావాలి, మొక్కుంటే రావాలి, బొంత కావాలంటే గడప బయటే నిలబడి చెప్పిపోవాలి. ఆడవాళ్లు ఆ వాకిలి దాటేటప్పుడు నవ్వులు ఆపి, దండం పెట్టి పోయేవాళ్లు. షరీఫాబీకి ఆ దండాలు చూస్తే ఒళ్లు మండేది. ఒక్కతయినా దండం మానేసి లోపలికి వచ్చి, ఏం కూర వండినవని అడిగితే ఎంత బాగుండునని ఆమెకు ఉండేది. ఎవరూ అడగలేదు. దాంతో ఆమె తన కోడితో మాట్లాడేది. అది కూడా మాట మధ్యలో లేచి పోయేది.

అలాంటి ఇంటికి ఒక బేస్తవారం పొద్దున రేణుకమ్మ పిల్లను రెక్క పట్టుకొని తెచ్చింది.

"షరీఫక్కా, ఈ పోరిని పీరు పట్టిండు. జర నువ్వే ఇడిపియ్యాలె."

"నాకేమొస్తది చెల్లె? వచ్చినాయన పాయె. నాకు రెండు సూరాలు తప్పిస్తె ఏం తెల్వదు."

"తెల్వకున్న సరే. ఈ ఇంట్ల కూసోబెట్టుకుంటె సాలు. ప్రతి బేస్తవారం తోలుత. పీరు ఇడిసిపెట్టి సెలవిచ్చిండని నీ నోటితోని ఎప్పుడంటె అప్పుడు మలీద చేసుకొనొస్త."

"ఇయ్యకపోతె?"

"ఇయ్యకపోతె వాత పెడత. మా తమ్ముని బిడ్డకు గట్లనే కుదిరింది."

రేణుకమ్మ చెడ్డ మనిషి కాదు. కొడుకు లేని ఇల్లు, చెలక ముక్క, ఒక బర్రె, ఈ పిల్ల, అన్నీ ఆమె ఒక్కదాని నెత్తి మీదే పడ్డాయి. పగలు తీరిక లేక, సాయంత్రం ఓపిక లేక అరిచేది. అంత మాత్రం చేత వాత పెట్టదని కాదు. పెడతానంటే పెట్టే మనిషే.

ఆమె పోయాక షరీఫాబీ ఊదు వేసింది. తెలిసిన ఖురాన్ సూరాలు రెండూ చదివి పిల్ల మీద ఊదింది. పిల్ల పొగకు దగ్గింది. ఇక చేయడానికేమీ మిగల్లేదు. పొద్దు చూస్తే ఇంకా గుమ్మం ఎక్కలేదు. షరీఫాబీ పత్తి కుప్ప ముందుకు లాక్కొని తన పనిలో పడింది. పిల్ల కూర్చుంది, లేచింది, వాకిట్లోకి పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. షరీఫాబీ ఏమీ అనలేదు. ఓర్పుండి కాదు. ఇన్నేళ్లు ఎవరినీ ఏమీ అనే అవసరం రాక ఆమెకు ఆ అలవాటే పోయింది.

కాసేపటికి ఒక పిడికెడు పత్తి తీసి పిల్ల ఒడిలో పెట్టింది.

"ఇది ఒక్కటే. ఇందుల ఎండాకు నలుసులు ఏరు. అయినంక ముచ్చట పెట్టుకుందాం."

ఇంట్లో జేజి ఒక్క ఊపిరిలో నీళ్లు తెమ్మనేది, దూడను కట్టమనేది, పొయ్యి చూడమనేది, కోళ్లను అదిలించమనేది. వాటిలో ఏది ముందు చేయాలో తేల్చుకునే లోపలే తిట్లు మొదలయ్యేవి. ఇక్కడ ఒకటే చెప్పారు. జములమ్మ ఆ పిడికెడు వైపు అనుమానంగా చూసింది. సగం ఏరి, తల ఎత్తి బాట చూసింది.

"ఎవలొస్తున్నరని సూస్తవు బిడ్డా?"

"అమ్మ."

"వస్తె ఇంటికే వస్తది గద?"

"నేను పనిల పడి సూడకపోతె?" అంది జములమ్మ. "నేను లేననుకొని తిరిగి పోతె?"

షరీఫాబీ పత్తి పక్కన పెట్టి పిల్ల వైపు చూసింది. పీరు పట్టుకున్నదంటే ఇదా! ఇంత పసిదానికి ఎంత పెద్ద కాపలా! ఇది రాత్రీ పగలూ బాటకు కాపు కాస్తుంటే, బిందెలు, దూడలు దీని కంటికి ఎట్లా ఆనుతాయి?

ఆమె తన పీటను గుమ్మం దగ్గరికి జరుపుకుంది. బాట తనకు ఎదురుగా, పిల్లకు వెనకగా ఉండేలా కూర్చుంది.

"బాట నేను సూస్త. సత్తెమ్మ వచ్చిందంటె కేకేస్త. ఆ పని నాది. దూది నీది."

"నిద్రపోవు గద?"

"పగటి పూట నాకు నిద్ర రాదు."

"నేను ఇంటికి పోయినంక?"

"అప్పుడు గూడ సూస్త. నాకేం పనుంది?"

జములమ్మ కాసేపు ఆమె మొహం పరీక్షగా చూసింది. తర్వాత తల వంచి, మిగిలిన సగం ఏరింది. అయిందని చూపించింది. షరీఫాబీ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, బాగుందని ఒక్క మాట అని, చెప్పిన ప్రకారం ముచ్చట మొదలుపెట్టింది. ఏం ముచ్చట పెట్టాలో ఆమెకు తోచలేదు. కోడి సంగతి చెప్పింది. పిల్ల నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్లయిందో, షరీఫాబీ చేతిలో పని ఆగిపోయింది.

అట్లా సాగింది. పిడికెడు దూది, ఒక ముచ్చట. తర్వాత దోసెడు దూది, ఒక ముచ్చట. ఇంకొన్నాళ్లకు ఒళ్లో పట్టినంత దూది అయ్యే దాకా జములమ్మ తల ఎత్తేది కాదు. ఎండలో నలుసు ఎంత చిన్నదైనా ఆమె వేళ్లకు దొరికిపోయేది. ముచ్చట్లు కూడా పెరిగాయి. డ్యాం ఎంత పెద్దది ఉంటదని అడిగేది. నేను చూడలేదు బిడ్డా అనేది షరీఫాబీ. తెలియనిది తెలుసని చెప్పే అలవాటు ఆమెకు లేదు.

"మన్ను మోసేటప్పుడు అమ్మ నన్ను యాది చేస్తదా?"

"మోసేటప్పుడు కాళ్ల కింద సూసుకోవాలె గద. గంప దింపినంక చేస్తది."

ఆ జవాబు జములమ్మకు నచ్చింది. తాను కూడా అంతే చేస్తున్నానని అనుకుంది కాబోలు.

ఇంట్లో కూడా మార్పు వచ్చింది. బిందె నిండుగా ఇల్లు చేరింది. గట్క అడుగంటడం మానింది. దూడ మూతి నురగ లేక వెలవెలబోయింది. బాటను షరీఫాబీ అవ్వ చూసుకుంటున్నదన్న ధైర్యం పిల్లకు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఊరు మాత్రం పీర్ల ఊదు మహిమ అంది. రేణుకమ్మ సంబరంగా వచ్చి గడప బయట నిలబడింది.

"అక్కా, కుదిరినట్టె ఉంది. పీరు సెలవిచ్చిండా?"

షరీఫాబీ నోరు తెరిచింది. ఇచ్చాడని అనడానికే తెరిచింది. అంటే వచ్చే బేస్తవారం ఎవరూ రారు. ఆ మరుసటి బేస్తవారమూ రారు. పిల్ల వస్తుందని ఆమె ముందు రోజే తలకు నూనె పెట్టుకుంటోంది, బెల్లం ముక్క దాచి ఉంచుతోంది, చెప్పాల్సిన ముచ్చట్లు వారమంతా పోగేసుకుంటోంది. అవన్నీ మళ్లీ ఎవరికి చెప్పుకోవాలి?

"ఇంక ఇయ్యలె చెల్లె. జర టైం పడతది."

అబద్ధమని ఆమెకు తెలుసు. ఆ రోజు నమాజులో చాలాసేపు తల ఎత్తలేదు. అయినా ఎవరికీ నష్టం లేని అబద్ధమేనని సర్ది చెప్పుకుంది.

జొన్న కోతలు దగ్గర పడ్డాయి. చెలకలో పిట్టలు వాలుతున్నాయి, తోలడానికి మనిషి కావాలి. పీరు సెలవు సంగతి పీరు చూసుకుంటాడు, పిల్ల మంచిగానే ఉంది కదా, ఇక ఈ వారం నుంచి పంపేది లేదని రేణుకమ్మ ఇంట్లో అంది. జములమ్మ విన్నది. ఆ మరునాడే మజ్జిగ చెంబు ఒలికింది. రేణుకమ్మ లబోదిబోమని పిల్లను మళ్లీ తోలింది. ఇంకో వారం దూడ తాడు వదిలేసింది. ఆపై వారం దీపం బుడ్డి పగిలింది. పీరు మంచి మొండివాడని, షరీఫాబీ చెప్పింది నిజమేనని ఊరు తల ఊపింది.

షరీఫాబీకి మాత్రం వింతగా ఉండేది. ఇక్కడ ఆవగింజంత నలుసు వదలని పిల్ల, అక్కడ చెంబు ఎలా ఒలికిస్తుంది? వింతగా ఉన్నా ఆమె తరచి అడగలేదు. పిల్ల వస్తోంది, అది చాలు. అవసరమైనప్పుడు మనిషికి తెలివి తక్కువ కావడం ఎంతసేపు!

ఒక బేస్తవారం జములమ్మ ఎడమ చేత్తో ఏరుతోంది. కుడి చేయి ఒడిలో దాచుకుంది.

"ఏంది బిడ్డా, ఆ చేయి ఇటు సూపియ్యి."

పిల్ల చూపించలేదు. షరీఫాబీ మెల్లగా లాగి చూసింది. మణికట్టు పైన పసుపు పూసిన వాత. చర్మం పొంగి నీరు పట్టింది.

"జేజి పెట్టింది," అంది జములమ్మ. "పీరు ఇడుస్తలేడంట గద."

"ఏం చేసినవు మల్ల?"

"పెరుగు కుండ కింద ఇడిసిన."

"యాడ సూసుకుంట ఇడిసినవు తల్లీ?"

"కుండనే సూసుకుంట ఇడిసిన." ఆ పిల్ల గొంతులో తప్పు చేసిన బెదురు లేదు. లెక్క కుదిరిన పనివాళ్ల నిబ్బరం ఉంది. "ఏదన్న పాడు చేయకపోతె జేజి పంపదు అవ్వా. నొప్పి అంత లేదు. ఇంకోటి పెట్టినా తట్టుకుంట."

షరీఫాబీ చేతిలోని పత్తి కింద పడింది. మజ్జిగ, దూడ తాడు, దీపం బుడ్డి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇంత చిన్న పిల్ల ఇంత పెద్ద వాత ఎవరి కోసం భరించింది? బెల్లం ముక్క కోసం కాదు. తన ముందు కూర్చోవడం కోసం. తనను చూడాలని ఈ లోకంలో ఒకరు ఇంత తపించారన్న సంతోషం ఆమె గుండెలో ఒక్క క్షణం మెరిసింది, ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఆ రోజే సెలవిచ్చాడని ఒక్క మాట అని ఉంటే, ఈ చేయి ఇట్లా ఉండేది కాదు. పిల్లను దగ్గరకు తీసుకొని ఏడ్చింది. జములమ్మ బిత్తరపోయి, కాలినచోట నిజంగానే నొప్పి లేదని మళ్లీ మళ్లీ చెప్పింది.

సాయంత్రం షరీఫాబీ పిల్లను వెంటబెట్టుకొని రేణుకమ్మ ఇంటికి పోయింది. ఊళ్లోవాళ్లు దారి ఇచ్చి దండాలు పెట్టారు. రేణుకమ్మ గాబరాగా గొంగడి పరిచింది. పిల్ల కావాలని కుండ వదిలిందని చెబితే ఏమవుతుందో షరీఫాబీకి తెలుసు, రెండో చేతికి కూడా వాత పడుతుంది. అందుకని మరో దారి వెతికింది.

"చెల్లె, పీరు మాట పక్కన పెట్టు. పిల్లను వారానికి ఒక్కపూట ఊరికే పంపు. నాకు తోడు ఉంటది. నేను ఒక్కదాన్ని."

ఆ చివరి మాట అనడం ఆమెకు ఎంత కష్టమైందో రేణుకమ్మకు తెలియలేదు.

"ఊరికెనా? పీర్ల ఇంటికి ఊరికె ఎవలన్న వస్తరా అక్కా? పని లేకుంట పోతె మల్ల పట్టుకుంటడు. పట్టుకుంటె ఈపారి కణత మీద పెట్టాలంటరు, చేతి మీద కాదు." కణతంటే కంటికి ఎంత దగ్గర! "ఇంతకు ఏమంటడు పీరు?"

జములమ్మ గుంజ పట్టుకొని నిలబడి వింటోంది. ఆమె మొహంలో భయం లేదు. అవ్వ ఎప్పటిలాగే ఇంకా ఇయ్యలేదంటుందని నమ్మకంగా చూస్తోంది.

"సెలవిచ్చిండు," అంది షరీఫాబీ. "ఇయ్యాలే ఇచ్చిండు. ఇంక రావద్దు."

రేణుకమ్మ ఆనందంతో రెండు చేతులూ ఎత్తి మొక్కింది. షరీఫాబీ నిలబడలేక బయటికి నడిచింది. జములమ్మ బాట దాకా వెంట పరుగెత్తి, చీర కొంగు పట్టుకుంది.

"ఎందుకట్లన్నవు అవ్వా? నేను మల్ల ఇడుస్త కుండ. రేపే ఇడుస్త."

ఇడుస్తుంది. అన్నంత పనీ చేస్తుంది. బుజ్జగిస్తే ఆగదు, బతిమాలితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. షరీఫాబీ కొంగు విడిపించుకుంది.

"ఇడిసినా నేను తలుపు తియ్య. నువ్వొస్తె నాకు పని పాడు. నువ్వు ఏరినదంత నేను మల్ల కూసోని ఏరుకుంటున్న, తెలుసా? నీతోని ఒక్క పిడికెడు సుత మంచిగ కాలె."

జములమ్మ కుడి చేతి వేళ్లు ముందుకు చాపి చూసుకుంది. తర్వాత చేయి లంగా మడతల్లోకి పెట్టుకొని వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది.

మలీద మరుసటి వారం వచ్చింది. రేణుకమ్మ గోధుమ రొట్టెలు చిదిమి, బెల్లం దండిగా వేసి, ముద్దలు చేసి తెచ్చింది. పీర్ల పెట్టె ముందు పెట్టి, ఊరందరికీ పంచింది. పిల్ల రాలేదు, చెలకలో పిట్టలు తోలుతోందని చెప్పింది. షరీఫాబీ ముద్ద నోట్లో పెట్టుకుంది గాని మింగుడు పడలేదు. ఎవరూ చూడకుండా కోడికి వేసింది.

జొన్నలు కోశారు, కుప్ప పెట్టారు. ఇంట్లో చెంబు ఒలకలేదు, కుండ పగలలేదు. వాత గాయం మానింది. తుంగభద్ర నుంచి మాత్రం ఎవరూ రాలేదు. షరీఫాబీ దగ్గరికి వేరే ఊళ్ల నుంచి కూడా పిల్లల్ని తేవడం మొదలుపెట్టారు. ఆమె చేతి వాసి అంత గొప్పదని పేరు పడింది.

వేసవి రాగానే ఊరి బావి అడుగంటింది. అయిజ బాటలోని దిగుడు బావికి పోవాల్సి వచ్చింది. జములమ్మ రోజూ బిందె నెత్తిన పెట్టుకొని షరీఫాబీ వాకిలి ముందు నుంచే పోయేది, వచ్చేది. షరీఫాబీ గుమ్మంలో పత్తి ముందు వేసుకొని కూర్చునేది. మొదట్లో ఒకటి రెండుసార్లు దగ్గింది. ఒకసారి కోడిని గట్టిగా అదిలించింది. ఆ తర్వాత అవి కూడా మానేసింది.

ఒకనాడు రేణుకమ్మ మనుమరాలి వెనకే వస్తూ ఆ గడప దగ్గర ఆగింది. ఆమె మొహం గర్వంతో వెలిగిపోతోంది.

"సూసినవా షరీఫక్కా? బిందెల సుక్క తొణకదు. అటు సూడదు, ఇటు సూడదు. పిలిసినా తల తిప్పదు. గిది మా జములమ్మేనా అంటున్నరు అందరు. అంత నీ చలువే."

"మంచిగుండాలె బిడ్డ," అంది షరీఫాబీ.

రేణుకమ్మ దండం పెట్టి ముందుకు కదిలింది. షరీఫాబీ మాత్రం పిల్ల మలుపు దగ్గరికి చేరే దాకా చూసింది. జములమ్మ తల తిప్పకుండానే మలుపు తిరిగింది.